ప్రీమియం పెరిగిందా, తగ్గిందా? ముందు ఎవరికో చెప్పండి

(న్యూజెర్సీ ఎడిసన్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న చోట, 2025 నవంబర్ నెలాఖరులో చేసిన ప్రసంగం. వక్త 26 ఏళ్ళు ఆరోగ్య బీమా ప్రీమియం లెక్కలు వేసే ఉద్యోగం చేసి రిటైర్ అయ్యారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, ఇంత చలిలో, ఇన్సూరెన్స్ గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే మీ ఇళ్ళకి ఈపాటికి ఉత్తరాలు వచ్చి ఉంటాయి. వచ్చాయా? జనవరి నుంచి మీ ప్రీమియం ఇంత అని ఉత్తరం వచ్చినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, సగం హాలు. మిగతా సగం మందికి ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చి ఉంటుంది, దాన్ని ఇంకా తెరిచి ఉండరు.

నేను 26 ఏళ్ళు ప్రీమియం లెక్కలు వేశాను. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, గుడిలో ప్రసాదం లైన్లో, ఎక్కడ కనపడినా మనవాళ్ళు నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "ఏమండీ, ఈ ఒబామాకేర్ వచ్చాక ప్రీమియం పెరిగిందా, తగ్గిందా?" ఒబామాకేర్ అంటే 2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం. నేను తిరిగి అడిగేదీ ఒకటే. ఎవరికి? ఈ మధ్యాహ్నం మీతో చెప్పాలనుకున్నది కూడా అదే. ఎవరికి పెరిగింది, ఎవరికి తగ్గింది, ఆ డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి వెళ్ళింది. అది తెలియకుండా పెరిగింది, తగ్గింది అని ఎంతసేపు వాదించుకున్నా తేలదు.

మా తమ్ముడి సంగతి చెబుతాను. వాడి అనుమతి తీసుకునే చెబుతున్నాను. టెక్సస్‌లో ఉంటాడు. 2008లో ఉద్యోగం పోయింది. ఆ సంవత్సరం ఎంతమందికి పోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. సరేనని 2009లో ఒక ఇండియన్ గ్రోసరీ దుకాణం పెట్టుకున్నాడు. అప్పుడు వాడికి 45 ఏళ్ళు. షుగర్ ఉంది. మాత్రలతో అదుపులోనే ఉంది, ఇంకే జబ్బూ లేదు. ఇన్సూరెన్స్‌కి అప్లై చేశాడు. పేజీలకు పేజీలు ప్రశ్నలు. షుగర్ ఉందా? ఉంది. అక్కడితో అయిపోయింది. రెండు కంపెనీలు ఇవ్వమని ఉత్తరం రాశాయి. ఎక్కువ డబ్బు కట్టినా ఇవ్వమన్నారు. అర్థమవుతోందా? రేటు పెంచి ఇస్తామని కూడా అనలేదు, అసలు ఇవ్వమనే అన్నారు.

అప్పట్లో టెక్సస్ ప్రభుత్వం ఇలాంటివాళ్ళ కోసం హైరిస్క్ పూల్ అని ఒక బీమా పథకం నడిపేది. మామూలు రేటుకి రెట్టింపు దాకా వసూలు చేసేది. కొత్తగా దుకాణం పెట్టినవాడు అంత ఎక్కడ కడతాడు? కట్టలేదు. నాలుగేళ్ళు ఇన్సూరెన్స్ లేకుండా ఉన్నాడు. గుంటూరు వెళ్ళినప్పుడే రక్తపరీక్షలు, కళ్ళ పరీక్ష, పళ్ళు, అన్నీ. ఇక్కడ ఏ రాత్రి గుండెలో మంట పుట్టినా, ఇది గ్యాసేనా కాదా అని నాకు ఫోన్ చేసేవాడు. నేనేమన్నా డాక్టర్నా? హాస్పిటల్‌కి వెళ్ళరా అంటే, వెళ్తే దుకాణం అమ్ముకోవాలి అక్కా అనేవాడు.

అదే 2009లో ఇక్కడ న్యూజెర్సీలో మా వీధిలో ఒకాయన. ఆయనకీ సొంత వ్యాపారమే, ఆయనకీ షుగరే. ఆయనకి మాత్రం ఇన్సూరెన్స్ దొరికింది. ఎందుకంటే న్యూజెర్సీలో 1993 నుంచే చట్టం ఉంది, జబ్బు ఉందని ఎవరికీ ఇన్సూరెన్స్ కాదనకూడదని. మరి ఆయన సుఖంగా ఉన్నాడా? లేడండీ. ఆ ప్రీమియం ఇంటి మార్ట్‌గేజ్‌తో పోటీ పడేది. ఏటా పెరిగేది. చివరికి భార్య పేరు తీసేసి తన ఒక్కడికే ఉంచుకున్నాడు.

ఒక చోట చవగ్గా ఉంది, జబ్బున్నవాడికి దొరకదు. ఇంకో చోట అందరికీ దొరుకుతుంది, ఎవరూ కొనలేరు. 2010కి ముందు ఈ దేశంలో సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునేవాళ్ళ పరిస్థితి ఇది. టెక్సస్ కంపెనీలు చెడ్డవనీ, న్యూజెర్సీ కంపెనీలు మంచివనీ కాదు. రెండు చోట్లా దాదాపు అవే కంపెనీలు. చట్టమే వేరు.

న్యూజెర్సీలో అంత రేటు ఎందుకైంది? చీటీతో చెబుతాను. మనలో చీటీ కట్టని ఇల్లు ఉందా? ఇరవై మంది కలిసి చీటీ వేస్తారు. మొదటి నెలలో పాడుకునేవాళ్ళు కొందరు, చివరి దాకా ఆగేవాళ్ళు కొందరు. ఆగేవాళ్ళు ఉన్నారు కాబట్టే మొదట పాడుకున్నవాడికి డబ్బు చేతికొస్తుంది. ఇప్పుడు రూలు మార్చండి. ఎవరైనా ఎప్పుడైనా చేరచ్చు, అవసరం వచ్చిన నెలలోనే చేరి ఆ నెలే పాడుకోవచ్చు. ఎవరు చేరతారు? కూతురి పెళ్ళి వచ్చే నెలలో ఉన్నవాడు చేరతాడు. అవసరం లేనివాడు నాకెందుకులే అనుకుంటాడు. ఆ చీటీ ఎన్ని నెలలు నడుస్తుంది? ఇన్సూరెన్సూ అంతే. జబ్బు వచ్చాక చేరచ్చు అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఆగుతారు. జబ్బున్నవాళ్ళే మిగులుతారు. రేటు పెరుగుతుంది. పెరిగేసరికి వాళ్ళలో కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా వెళ్ళిపోతారు. మళ్ళీ పెరుగుతుంది. న్యూయార్క్‌లోనూ ఇదే జరిగింది.

అందుకే 2010 మార్చి 23న ఒబామా సంతకం పెట్టిన చట్టంలో మూడు సంగతులు ఒకదానికొకటి ముడిపెట్టారు. మసాచుసెట్స్‌లో 2006లో గవర్నర్ రామ్నీ చేసిన చట్టమే దీనికి నమూనా. జబ్బుందని కాదనకూడదు, రేటు పెంచకూడదు. అందరూ చేరాలి, చేరకపోతే జరిమానా. కట్టలేనివాళ్ళకి ప్రభుత్వం సాయం చేస్తుంది. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా మిగతా రెండూ బలహీనపడతాయి. 2014 జనవరి నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. పెరిగిందా, తగ్గిందా?

న్యూయార్క్‌లో సొంతంగా కొనుక్కునే ఇన్సూరెన్స్ రేట్లు 2014కి సగానికి సగం పడిపోయాయి. అవును, సగం. అక్కడ జబ్బున్నవాళ్ళు అప్పటికే లోపల ఉన్నారు, చట్టం కొత్తగా తెచ్చింది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని. టెక్సస్‌లో దానికి తలకిందులు. అక్కడ అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే ఏరి ఏరి చేర్చుకున్నారు, చట్టం కొత్తగా తెచ్చింది మా తమ్ముడిలాంటివాళ్ళని. కాబట్టి రేటు పెరిగింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2017లో లెక్క తీసింది. బీమా కొనుక్కోవడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన హెల్త్‌కేర్ డాట్ గవ్ వెబ్‌సైటు వాడే 39 రాష్ట్రాల్లో సొంతంగా కొనుక్కునే ప్రీమియం సగటు 2013లో నెలకి 232 డాలర్లు. 2017కి 476. నాలుగేళ్ళలో రెట్టింపు దాటింది. ఈ అంకె పట్టుకుని చట్టం పాడైపోయిందని ఎందరో ప్రసంగాలు చేశారు. అంకె నిజమే. కానీ ఆ 232 డాలర్ల పాలసీ ఏమిటి? చాలావాటిలో కాన్పు ఖర్చు లేదు. జీవితకాలం మొత్తానికి ఇంతే ఇస్తామన్న పరిమితి ఉండేది. ఆడవాళ్ళకి అదే పాలసీకి ఎక్కువ రేటు. అన్నిటికంటే ముఖ్యంగా మా తమ్ముడికి ఆ 232 అనే అంకె లేనే లేదు. దొరకనివాడి ప్రీమియం సగటులో కలవదు కదండీ!

అయితే నష్టపోయినవాళ్ళు లేరని నేను అనను. ఉన్నారు. 2013 నాటికి 30 ఏళ్ళు, ఆరోగ్యం బాగుంది, సబ్సిడీకి మించిన ఆదాయం ఉంది, సొంత కన్సల్టింగ్. అలాంటి కుర్రాళ్ళకి ప్రీమియం బాగా పెరిగింది. కొత్త చట్టం ప్రకారం 64 ఏళ్ళవాడికి 21 ఏళ్ళవాడికంటే మూడు రెట్లకు మించి వేయకూడదు. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో అయిదు రెట్లు, ఇంకా ఎక్కువ ఉండేది. పెద్దవాళ్ళకి తగ్గిందంటే ఆ తగ్గింది చిన్నవాళ్ళ మీద పడ్డట్టే. వాళ్ళకి ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కుటుంబానికి ఏడాదికి 2,500 డాలర్ల దాకా తగ్గుతుందని ఒబామా 2008 ఎన్నికల్లో అన్నారు. మీ ప్లాన్ మీకు నచ్చితే ఉంచుకోవచ్చన్నారు. 2013 చివర్లో లక్షల మందికి పాలసీ రద్దయిందని ఉత్తరాలొచ్చాయి. నేను ఈ చట్టాన్ని మనసారా సమర్థించేదాన్ని. అయినా ఆ మాటలు అలా చెప్పకుండా ఉండాల్సిందని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. జనం నమ్మకం అక్కడ పోయింది.

తర్వాత జరిగింది కాస్త త్వరగా చెబుతాను, ఇది మా డిపార్ట్‌మెంట్‌లో మేం నిద్ర లేకుండా గడిపిన కాలం. 2014లో కొత్తగా ఎవరు చేరతారో ఎవరికీ తెలియదు. అంచనా మీద రేటు వేశాం, అందరూ తక్కువ వేశారు. జరిమానా మొదటి ఏడాది 95 డాలర్లు, లేదా ఆదాయంలో 1 శాతం, ఏది ఎక్కువైతే అది. ఆ మాత్రానికి ఏ కుర్రవాడు భయపడతాడు? అనుకున్నంతమంది ఆరోగ్యవంతులు రాలేదు. నష్టపోయిన కంపెనీలని మొదటి మూడేళ్ళు ఆదుకుంటామని చట్టంలో ఉంది, కానీ కాంగ్రెస్ దానికి డబ్బు కట్టడి చేసింది. 2014 నష్టాలకి కంపెనీలు అడిగిన డాలర్లో చేతికొచ్చింది 12.6 సెంట్లు. చిన్న సహకార కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి. పెద్దవి కొన్ని జిల్లాలు వదిలి వెళ్ళిపోయాయి. 2017 రేట్లు ఒక్కసారిగా ఎగిరాయి. అది ఎంతవరకు చట్టం తప్పు, ఎంతవరకు చట్టాన్ని సగంలో వదిలేసినవాళ్ళ తప్పు? నన్నడిగితే రెండోదే ఎక్కువ.

2017 డిసెంబర్‌లో వచ్చిన పన్నుల చట్టం ఆ జరిమానాని కూడా సున్నా చేసేసింది, 2019 నుంచి. మూడు ముడుల్లో ఒకటి తెగింది. అప్పుడు న్యూజెర్సీ ఏం చేసిందో మనం గర్వంగా చెప్పుకోవాలి. మన రాష్ట్రం తన సొంత జరిమానా పెట్టుకుంది. బాగా పెద్ద బిల్లులు వచ్చిన రోగుల ఖర్చులో కొంత రాష్ట్రమే భరించే రీఇన్సూరెన్స్ పెట్టింది. ఫలితం? 2019లో మన దగ్గర సొంతంగా కొనుక్కునేవాళ్ళ ప్రీమియంలు సగటున 9 శాతం దాకా తగ్గాయి. ఇన్సూరెన్స్ రేటు తగ్గడమనేది నా ఉద్యోగంలో నేను చాలా అరుదుగా చూశాను. చట్టాన్ని చీటీ లెక్క తెలిసినవాళ్ళు రాస్తే ఏం జరుగుతుందో ఆ ఏడాది చూశాను.

ఇక ఆఫీసు ఇన్సూరెన్స్. ఈ హాల్లో ఎక్కువమందిది అదే. ఐటీలో ఉన్న పిల్లలు నాతో అంటారు, ఆంటీ, ఒబామాకేర్ వల్ల మా పేచెక్‌లో కోత పెరిగిందని. నాన్నా, ఈ అంకెలు వినండి. ఆఫీసు ఇచ్చే కుటుంబ ప్లాన్ సగటు ప్రీమియం 2000లో ఏడాదికి 6,438 డాలర్లు. 2010లో 13,770. అంటే చట్టానికి ముందు పదేళ్ళలో రెట్టింపు దాటింది. ఈ ఏడాది, 2025లో, 26,993. అంటే రెట్టింపుకి దగ్గరగా రావడానికి ఈసారి పదిహేనేళ్ళు పట్టింది. పెరుగుదల నెమ్మదించింది, ఆగలేదు. మొత్తం ఘనత చట్టానిదేనని నేను చెప్పను. డిడక్టిబుల్స్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మీ జేబులోంచి పెట్టుకునే డబ్బు, అవి పెంచి ప్రీమియం అదుపులో ఉంచారు, అదీ ఉంది. కానీ చట్టమే మీ ఆఫీసు ప్రీమియం పెంచిందనడానికి ఈ అంకెల్లో ఆధారం నాకు కనపడలేదు.

ఆ 27 వేలలో మీ పేచెక్‌లోంచి పోయేది సగటున 6,850. మిగతా 20 వేలు ఎవరు కడుతున్నారు? కంపెనీ అంటారు మీరు. కాదండీ. అదీ మీ జీతమే. మీకు చూపించకుండా కడుతున్నారు, అంతే. జీతం ఎందుకు పెరగలేదని మేనేజర్ని అడిగేముందు ఆ 20 వేలు గుర్తు తెచ్చుకోండి. ఉద్యోగం పోయి కోబ్రా, అంటే అదే ఆఫీసు ఇన్సూరెన్స్‌ని సొంత డబ్బుతో కొనసాగించుకునే ఏర్పాటు, దానికి కట్టాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది ఆ అంకె ఎంతో. మొత్తం ప్రీమియం, దాని మీద 2 శాతం. లేఆఫ్ అయిన ఇంట్లో ఆ ఉత్తరం చూసిన రోజు ఎంత టెన్షనో ఇక్కడ కొందరికి తెలుసు.

సరే, మరి ఎందుకు పెరుగుతూనే ఉంది? ఇక్కడికి వద్దామనే ఇంతసేపూ మాట్లాడాను. ఇన్సూరెన్స్ అంటే హాస్పిటల్ బిల్లుకి నీడ. బిల్లు పొడుగైతే నీడ పొడుగవుతుంది. ఈ దేశంలో 2023లో వైద్యానికి అయిన ఖర్చు 4.9 లక్షల కోట్ల డాలర్లు. తలకి 14,570 డాలర్లు. దేశ ఆదాయంలో 17.6 శాతం. ఈ డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా. ప్రీమియంగానైనా, పన్నుగానైనా, మీ డిడక్టిబుల్‌గానైనా.

2010 చట్టం ఈ బిల్లు ఎవరు ఎంత పంచుకోవాలో మార్చింది. బిల్లు మీద అంకెని పెద్దగా ముట్టుకోలేదు. ఒక మంచి పని చేసింది. వసూలు చేసిన ప్రీమియంలో సొంతంగా కొనుక్కునేవీ, చిన్న ఆఫీసులవీ అయితే 80 శాతం, పెద్ద ఆఫీసుల ప్లాన్లయితే 85 శాతం వైద్యానికే ఖర్చుపెట్టాలి, లేకపోతే మిగిలింది తిరిగి ఇచ్చేయాలి. 2012 నుంచి కొందరి ఇళ్ళకి ఆ చెక్కులొచ్చాయి కూడా. మంచిదే. కానీ లోపల కూర్చుని లెక్కలు వేసినదాన్ని కాబట్టి ఒకటి చెబుతాను. కంపెనీకి 20 శాతమే ఉంచుకోవచ్చంటే, ఆ 20 శాతం పెద్దది కావాలంటే ఏం కావాలి? మొత్తం పెద్దది కావాలి. హాస్పిటల్ రేటు పెంచితే గట్టిగా బేరమాడాలన్న ఆత్రుత కంపెనీకి ఎంత ఉంటుంది? ఆలోచించండి.

మనకి ఆరోగ్యశ్రీ తెలుసు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. అందులో లోపాలు మీరూ చెబుతారు, నేనూ చెబుతాను. బకాయిలు రాలేదని హాస్పిటళ్ళు ఆపేయడం వింటూనే ఉన్నాం. కానీ అందులో ఒక సూత్రం ఉంది. ఏ ఆపరేషన్‌కి ఎంత అన్నది ప్రభుత్వమే ప్యాకేజీగా నిర్ణయిస్తుంది. ఇక్కడ అదే మోకాలి ఆపరేషన్‌కి ఈ హాస్పిటల్లో ఒక రేటు, పక్క హాస్పిటల్లో ఇంకో రేటు, అదే హాస్పిటల్లో మీ ఇన్సూరెన్స్‌కి ఒకటి, ఆయన ఇన్సూరెన్స్‌కి ఇంకొకటి. ఇక్కడ ఇలా తప్పదని అనుకోకండి. మేరీల్యాండ్‌లో 1970ల నుంచీ హాస్పిటల్ రేట్లు రాష్ట్ర కమిషన్ నిర్ణయిస్తోంది. ఏ ఇన్సూరెన్స్ వచ్చినా అదే రేటు. ఇక్కడికి కారులో మూడు గంటల దూరం, అంతే.

ధర మీద చెయ్యి వేసిన సంస్కరణ ఒకటి వచ్చింది, చాలామందికి తెలియదు. 2022 చట్టం మెడికేర్‌కి, అంటే ముఖ్యంగా పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌కి, మందుల ధర బేరమాడే అధికారం ఇచ్చింది. మొదటి పది మందుల కొత్త ధరలు 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వస్తాయి. జనువియా పేరు ఇక్కడ ఎంతమందికి తెలుసు? షుగర్ మాత్ర. చాలామంది తలలూపుతున్నారు. దాని నెల సరుకు కంపెనీ చెప్పిన ధర 527 డాలర్లు. మెడికేర్ బేరమాడి తెచ్చిన ధర 113. అదే మాత్ర. అదే డబ్బా. 65 దాటిన పెద్దలకి మెడికేర్‌లో ఇది వర్తిస్తుంది. మనందరికీ ఎందుకు వర్తించకూడదని మీ కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాయండి. సిటిజన్ కానివాళ్ళు కూడా రాయచ్చు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఉత్తరం సంగతి. 2021లో కోవిడ్ సమయంలో, మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఈ చట్టం కింద ప్రభుత్వం నడిపే బీమా బజారులో, కొనేవాళ్ళకి సబ్సిడీ పెంచారు. అంతకుముందు పేదరిక రేఖకి నాలుగు రెట్లు దాటితే ఒక్క డాలర్ రాదు. ఆ గీత తీసేశారు. ఎంత సంపాదించినా, బెంచ్‌మార్క్ సిల్వర్ ప్లాన్‌కి, అంటే సబ్సిడీ లెక్కకి కొలతగా తీసుకునే మధ్యరకం ప్లాన్‌కి, మీ ఆదాయంలో 8.5 శాతం మించి కట్టక్కర్లేదన్నారు. 2020లో మార్కెట్‌ప్లేస్‌లో 1 కోటి 14 లక్షల మంది ఉండేవాళ్ళు, ఈ ఏడాది 2 కోట్ల 40 లక్షలు దాటారు. ఈ అదనపు సాయం ఈ డిసెంబర్ 31తో అయిపోతోంది. అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులు ప్రభుత్వం మూతపడింది కదా, ఆ గొడవ దీని గురించే. తెరుచుకుంది కానీ సబ్సిడీ పొడిగింపు జరగలేదు.

దానికి ఖర్చు లేదా? ఉంది. పొడిగిస్తే పదేళ్ళలో 35 వేల కోట్ల డాలర్లని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీస్ లెక్క కట్టింది. అదీ మన పన్నులే. ఆ వాదన చేసేవాళ్ళని నేను తప్పుపట్టను. కానీ పొడిగించకపోతే ఏం జరుగుతుంది? మళ్ళీ చీటీ గుర్తు తెచ్చుకోండి. ముందు వెళ్ళిపోయేది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. 2026 బెంచ్‌మార్క్ ప్రీమియం దేశం మొత్తం మీద సగటున 26 శాతం పెరిగింది. హాస్పిటల్ ఖర్చులు, బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు, ఇవన్నీ అందులో ఉన్నాయి. సుమారు 4 శాతం మాత్రం సబ్సిడీ పోతే ఆరోగ్యవంతులు మానేస్తారన్న భయంతో కంపెనీలు వేసుకున్నది.

ఆ గీత మళ్ళీ వస్తోంది. భార్యాభర్తలిద్దరికి 84,600 డాలర్లు. నలుగురి కుటుంబానికి 1,28,600. దీనికి లోపల ఉంటే ఆదాయంలో ఎక్కువలో ఎక్కువ 9.96 శాతం కడతారు. దాటితే కేంద్రం నుంచి సున్నా. ఆరోగ్య బీమా మీద పరిశోధన చేసే కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ లెక్క చూడండి. 60 ఏళ్ళ దంపతులు, ఆదాయం 85,000. గీత దాటింది 400 డాలర్లు. వాళ్ళ ప్రీమియం ఏడాదికి సగటున 22,600 డాలర్లు పెరుగుతుంది. 400 డాలర్లు ఎక్కువ సంపాదించినందుకు 22,600!

న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి కాస్త ఊరట ఉంది. మన రాష్ట్రం తన సొంత సబ్సిడీ ఇస్తుంది, పేదరిక రేఖకి ఆరు రెట్ల ఆదాయం దాకా. కేంద్రం సాయం అంత ఉండదు, కానీ ఎంతో కొంత. అప్లికేషన్ పెట్టకుండా నాకు రాదులే అనుకోకండి.

అమ్మానాన్నలని గ్రీన్‌కార్డు మీద తెచ్చుకున్నవాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. కొత్తగా వచ్చిన పెద్దలకి అయిదేళ్ళు నివాసం లేనిదే మెడికేర్ కొనుక్కునే వీలు లేదు. 2014కి ముందు ఈ అయిదేళ్ళు మనం ఎలా గడిపామో గుర్తుందా? విజిటర్ ఇన్సూరెన్స్‌తో, దేవుడి మీద భారం వేసి. పాత జబ్బులకి అది పనికిరాదు. మార్కెట్‌ప్లేస్ వచ్చాక మన పెద్దలకి తలుపు తెరుచుకుంది. ఆ తలుపు ఇప్పుడు కొంత మూస్తున్నారు. ఈ జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం, పేదరిక రేఖకంటే తక్కువ ఆదాయం ఉండి, ఇమిగ్రేషన్ స్థితి వల్ల మెడికేడ్, అంటే పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, రానివాళ్ళకి ఇంతకాలం ఇచ్చిన సబ్సిడీ 2026 జనవరి నుంచి ఆగిపోతుంది. సొంత ఆదాయం లేకుండా విడిగా టాక్స్ ఫైల్ చేసుకునే తల్లిదండ్రుల మీద ఇది పడుతుంది. కొనుక్కునే హక్కు ఉంటుంది, సాయమే ఉండదు. వాళ్ళని మీ టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపిస్తే లెక్క మీ ఆదాయం మీద పడుతుంది. ఏది మేలో మీ టాక్స్ చూసేవాళ్ళతో ఈ నెలలోనే కూర్చుని తేల్చుకోండి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళకి 2027 నుంచి ఈ సబ్సిడీ ఉండదు. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉన్నంతవరకు మీకేమీ తేడా లేదు. ఉద్యోగం పోతే తెలుస్తుంది.

ఇంకొకటి, వ్యాపారాలున్నవాళ్ళకి. ఆదాయం తక్కువ వేసి సబ్సిడీ ఎక్కువ తీసుకుంటే, ఇదివరకు గీత లోపల ఉన్నవాళ్ళకి తిరిగి కట్టేదానికి ఒక పరిమితి ఉండేది. 2026 నుంచి ఆ పరిమితి లేదు. ఎక్కువ తీసుకున్నదంతా తిరిగి కట్టాలి. కాబట్టి ఆదాయం అంచనా వేసేటప్పుడు నిజం రాయండి, సంవత్సరం మధ్యలో మారితే వెంటనే చెప్పండి.

మా తమ్ముడి సంగతి సగంలో వదిలాను. 2013 అక్టోబర్‌లో ఆ హెల్త్‌కేర్ డాట్ గవ్ వెబ్‌సైటు తెరిచారు, పనిచేయలేదు. దుకాణం మూసి ఇంటికి వచ్చాక రాత్రిళ్ళు వారాల తరబడి దాని ముందు కూర్చున్నాడు. చివరికి 2014లో సిల్వర్ ప్లాన్ వచ్చింది. మొదటి ఏడాదే డాక్టర్ పరీక్షలు రాసింది, కిడ్నీలో మార్పు మొదలైందని తేలింది. ముందుగా తెలిసింది కాబట్టి ఈ రోజుకీ డయాలసిస్ లేకుండా దుకాణంలో నిలబడుతున్నాడు. ఇప్పుడు వాడికి 61. దంపతుల ఆదాయం ఆ 84,600 గీతకి అటూ ఇటూ ఊగుతుంది. దీపావళికి స్వీట్ల అమ్మకం బాగుంటే దాటుతుంది. ఈసారి బాగుంది.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. ఇద్దరం రెండు గంటలు కూర్చుని లెక్క వేశాం. ట్రెడిషనల్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో ఎంత వేస్తే ఆదాయం గీత లోపలికి వస్తుందో చూశాం. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్‌లో బ్రాంజ్ ప్లాన్, అంటే ప్రీమియం తక్కువ, చేతి ఖర్చు ఎక్కువ ఉండేది, తీసుకున్నా హెచ్‌ఎస్‌ఏలో, అంటే వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతాలో, డబ్బు వేసుకోవచ్చు, అదీ ఆదాయంలోంచి తగ్గుతుంది. కానీ బ్రాంజ్ తీసుకుంటే వాడి కిడ్నీ డాక్టర్ నెట్‌వర్క్‌లో, అంటే ఆ ప్లాన్ ఒప్పుకునే డాక్టర్ల జాబితాలో, ఉంటుందా లేదా? అది సోమవారం వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోవాలి. టెక్సస్‌లో జనవరి 1 నుంచి ఇన్సూరెన్స్ ఉండాలంటే డిసెంబర్ 15 లోపు తేల్చుకోవాలి. మనకి ఇక్కడ డిసెంబర్ 31 దాకా ఉంది, ఫిబ్రవరి నుంచైతే జనవరి 31 దాకా.

కాగితాలు తెచ్చుకున్నవాళ్ళు ముందుకి రండి. వెనక బల్ల మీద టీ పెట్టారు, తాగుతూ ఒక్కొక్కరివి చూద్దాం. పెద్దవాళ్ళవి ముందు.